అక్క కొట్లో లేని మాట

తలుపు మూసుకుంటే మూసుకుంది, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేకపోయిందా అని అతను పొద్దుటినుంచీ ఆ తలుపుతో పేచీ పడుతూనే ఉన్నాడు. పైకి కాదు, కుర్చీలో కూర్చునే, పెదవి కదపకుండానే. అక్కని చక్రాల మంచం మీద ఆపరేషన్ గదిలోకి తోసుకుపోతున్నప్పుడు, ముందుగా ఇచ్చిన మందుకి నాలుక మొద్దుబారి ఉన్నా ఆమె తల ఇటు తిప్పి "వెళ్ళి" అంది. ఇంకా ఏదో అంది కూడా. పెదవులు కదలడం చూశాడు. అంతలో రెండు రెక్కలూ వచ్చి కలుసుకున్నాయి, మిగతా మాట అవతల పడిపోయింది. వెళ్ళి వస్తా అనే అయి ఉంటుంది, వీధి చివరికి వెళ్ళినా వెళ్ళొస్తా అని చెప్పి కదిలే మనిషి నోట ఇంకో మాట ఎందుకొస్తుంది? అయితే వ్యాపారం చేసినవాడు ఒక్క బేరగాణ్ణే నమ్ముకుని కూర్చోడు. అందుకని అతని బుర్ర మిగతావి కూడా తెచ్చి బల్లమీద పరిచింది. వెళ్ళి ఏదైనా తినండి, వెళ్ళి కొట్టు తెరువు, వెళ్ళి ఆ పంపు కట్టెయ్యి, వెళ్ళి... ఆఖరిదాన్ని చేత్తో తోసినట్టు తోసేశాడు. అది కూడా అలాగే మొదలవుతుంది మరి. వెళ్ళిపోతున్నా. పాడు భాష, మంచికీ చెడ్డకీ ఒకటే గుమ్మం పెట్టింది.

ఆ తలుపు సంగతి అతనికి తెలుసు, తెలిసి ఒరిగిందేమీ లేదు. అటూ ఇటూ ఊగే రెండు రెక్కలు, స్ప్రింగు బందులు, పైన నూనె నింపిన డోర్ క్లోజర్లు. కుడివైపు దాంట్లో నూనె కారిపోయి రెక్క మీద నల్లటి చార కట్టింది, అందుకే ఎడమ రెక్క పెళ్ళికూతురిలా మెల్లగా వస్తుంటే కుడిది మాత్రం కుక్క తరిమినట్టు వచ్చి పడుతోంది. పడినప్పుడల్లా అతని ఛాతీలో కూడా ఏదో పడుతోంది. వీధిలో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు, మడతబందులాయన అంటారు. మడతబందులు, గడియలు, గొళ్ళేలు, పిడులు, మరలు, తలుపుకి కావలసినవన్నీ ఉండే కొట్టు, తలుపు తప్ప. అందుకేనేమో గుండె డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి, రక్తాన్ని ఒళ్ళంతటికీ పంపే పెద్ద గొట్టం మొదట్లో ఒకవైపుకే తెరుచుకునే తలుపు ఉంటుందనీ, దానికి మూడు రెక్కలుండాల్సింది అక్కకి పుట్టుకతోనే రెండున్నాయనీ, ఆ రెండూ ఇన్నేళ్ళు మూడింటి చాకిరీ చేసి చేసి సున్నం పట్టి గట్టిపడ్డాయనీ, బొటనవేలు దూరాల్సిన చోట పెన్సిలు దూరేంత సందే మిగిలిందనీ చెబుతుంటే, బావకి ఒక్క ముక్కా ఎక్కలేదు గానీ అతనికి మొదటి మాటకే అర్థమైపోయింది. అర్థమవడమే చిక్కయింది. "నూనె వేస్తే సరిపోయే పని కాదా డాక్టరుగారూ?" అన్నాడు. మందులకి కరిగేది కాదు, మార్చడమే అన్నాడాయన. తొడ దగ్గరి రక్తనాళంలోంచి పంపించి పెట్టే పద్ధతి కూడా ఉందట, కానీ అక్క గుమ్మం అందుకు అనువుగా లేదట, రొమ్ము ఎముక కోసి తెరవాల్సిందేనట. పుట్టుకతోనే ఒక రెక్క తక్కువ. ఆ తక్కువతోనే తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది, ఆ తక్కువతోనే కొట్టు నిలబెట్టింది. ఎవరికి తెలుసు? ఆమెకే తెలీదు.

తనకైనా తెలియాల్సింది. తెలిసే దారి ఉంది కూడా. అక్క బేరం తగ్గిపోయింది. అక్క బేరం అంటే మాటలా? ఎదుటివాడు నిలబడి మొదలుపెట్టి, స్టూలు అడిగి కూర్చుని, నీళ్ళు అడిగి తాగి, చివరికి "అమ్మా, మీరు ఎంతంటే అంత, నన్ను ఇంటికి పోనివ్వండి" అనేవాడు. అలాంటిది నిరుటినుంచీ రెండో మాటకే "సర్లే, తీసుకో" అనడం మొదలెట్టింది. వయసు మీద పడి మెత్తబడింది అనుకున్నాడు, పైగా మంచిదే, బేరాలు తొందరగా తెగుతున్నాయి అని లోపల్లోపల సంతోషించాడు కూడా. బేరానికి ఊపిరి కావాలని ఎవడికి తట్టింది? సరుకు గదికీ బల్లకీ మధ్య ఆగి, మరలు ఏరుతున్నట్టు నటిస్తూ కూర్చునేది. ఒకరోజు పై అరలో డబ్బా తీస్తూ నిచ్చెన మీదనుంచి జారింది, మడతబందులు కొట్టంతా చెల్లాచెదురు. అతను పరుగున వెళ్ళి లేవదీస్తే, "నాకేం కాలేదురా, నిచ్చెనకే కళ్ళు తిరిగాయి" అంది. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఎదురుగా గోడమీద నీళ్ళ చారలు. బల్లమీద ఎవరో వదిలేసిన గొడుగు. ఆ చివర నేల తుడిచే మనిషి తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది, ఎందుకంటే తుడిచిన చోటే జనం నడుస్తున్నారు. పక్క కుర్చీలో బావ బిస్కట్ పొట్లం విప్పి ఒకటి నోట్లో వేసుకుని ఒకటి ఇతని ముందుకు చాపాడు. బావ బస్సు నడిపి రిటైరైనవాడు, ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఎడమచెవి ఇంజనుకే ఇచ్చేసినవాడు. "తినవోయ్. ఆ తలుపుని అట్లా చూస్తే తెరుచుకుంటుందా?" అన్నాడు.

"బావా, పొద్దున అక్క వెళ్ళి అన్నాక ఏమంది? నీకేమైనా వినపడిందా?"

"నాకు ఆ వెళ్ళి కూడా వినపళ్ళేదు. నువ్వు చెబితే తెలిసింది."

"నీతో పెట్టుకున్నాను చూడు."

"ఇదిగో బావమరిదీ, స్టీరింగు ఎవడి చేతిలో ఉంటే వాడే నడపాలి. వెనక సీట్లో కూచున్నవాడు ఎంత బ్రేకు తొక్కినా కాలు నొప్పే, బండి ఆగదు. నా సర్వీసంతా చూశాను." బావ ఇంకో బిస్కట్ తీశాడు. ఈ మనిషికి గుండె ఉందా, లేక అది కూడా ఇంజనుకే ఇచ్చేశాడా అనుకుంటూ కళ్ళు దించిన అతనికి బావ కుడిపాదం కనపడింది. చెప్పులోని వేళ్ళు తెల్లబడేలా నేలని నొక్కిపట్టి ఉంది. పొద్దుటినుంచీ అలాగే ఉందేమో. అతను బిస్కట్ తీసుకుని చేతిలో పట్టుకున్నాడు.

ఇప్పుడు అక్క గుండె ఆగి ఉంటుంది. ఆపుతారట. ఆడుతున్న గుండెలో తలుపు మార్చడం కుదరదు కనుక రక్తాన్ని గొట్టాల్లోంచి బయట ఒక యంత్రంలోకి మళ్ళించి, ఊపిరి పని, గుండె పని అదే చేస్తుంటే, వీళ్ళు ఆగిన గుండెని తెరిచి పాత రెక్కలు కోసి తీసేసి, సున్నం గీకి, కొత్తది కుట్టేస్తారట. ఆ గీకేటప్పుడు ఒక రేణువు రక్తంలో కొట్టుకుపోయి మెదడుకి చేరిందా, పక్షవాతం. ఎక్కువసేపు యంత్రం మీద ఉంటే కిడ్నీలు మొరాయించవచ్చు. గుండెకి కరెంటు మోసే తీగలాంటిది ఆ గుమ్మం పక్కనుంచే పోతుంది, కుట్లలో అది నలిగితే లయ తప్పుతుంది. ఇవన్నీ డాక్టరు నెమ్మదిగా, సరుకులో లోపం దాచని వర్తకుడిలా చెప్పాడు. ఆ పద్ధతి అతనికి నచ్చింది, అందుకే ధైర్యం చేసి, "మొత్తం మీద ప్రాణానికి?" అన్నాడు. నూటికి మూడు అన్నాడాయన. "రెండు చేసుకోండి డాక్టరుగారూ." నోరు జారింది. ఇన్నేళ్ళ అలవాటు, అవతలివాడు అంకె చెప్పాక ఊరుకోవడం ఈ నోటికి రాదు. డాక్టరు ముందు తెల్లబోయి తర్వాత నవ్వాడు. అక్క ఆయాసపడుతూనే, "వాడి మాట పట్టించుకోకండి బాబూ, చావుకబురు తెచ్చినవాణ్ణి కూడా ఆఖరి మాట చెప్పవయ్యా అంటాడు" అంది. ఆ తర్వాత కొత్త తలుపు ఏ రకానిది అన్న మాట వచ్చింది. లోహపుదైతే జన్మంతా ఉంటుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని వినపడుతుంది. పశువు కణజాలంతో చేసింది చప్పుడు లేకుండా పని చేస్తుంది గానీ, పది పదిహేనేళ్ళకి అరిగిపోవచ్చు. అక్క వయసుకి రెండూ నడుస్తాయట, మీరే తేల్చుకోండన్నాడు. అతను లోహమే అన్నాడు. ఒక్కసారి కొంటే మళ్ళీ చూడక్కర్లేని సరుకంటే అతనికి ప్రాణం. అక్క ఒప్పుకోలేదు. "నా గుండె చప్పుడు ఎదుటివాడికి వినపడితే ఇంకేం బేరమాడతానురా? అది దడదడలాడగానే వాడు బిగుసుకుంటాడు. నాకు చప్పుడు లేనిదే పెట్టించు. అరిగిపోతే అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

కీడెంచి మేలెంచమన్నారు, ఎంచాడు. చేయించకపోతే ఇలా ఆయాసం మొదలైనవాళ్ళలో సగానికి సగం రెండేళ్ళు దాటరట. చేయిస్తే నూటికి మూడు. చిన్నపిల్లాడు కూడా చేసే లెక్క. మడతబందులు నూరు తెప్పిస్తే మూడు వంకరవి వస్తాయి, వాటిని పక్కన పడేసి తొంభై ఏడు అమ్ముకుంటాం, ఎవరూ ఏడవరు. లెక్క సరైనదే, ఇప్పుడు మళ్ళీ వేసినా అదే వస్తుంది. కానీ అక్క నూరు కాదు. ఒక్కతి. నూరులో మూడు పోతే తొంభై ఏడు మిగుల్తాయి, ఒకటిలో పోతే? ఒక్క సరుకు మీద శాతం ఎలా వేస్తారో అతనికి ఎవరూ నేర్పలేదు. అక్క మూడు శాతం చచ్చిపోదు, తొంభై ఏడు శాతం ఇంటికి రాదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే... మళ్ళీ అక్కడికే వచ్చింది బుర్ర. గానుగెద్దు.

ఆగిన గుండెతో అక్క ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు? కొట్టు తలుపు మార్చిన రోజు గుర్తొచ్చింది. నాన్న పోయిన ఏడాదే, పాత తలుపు చెద తినేసింది. వడ్రంగి మధ్యాహ్నం దాన్ని ఊడదీసి బయట పెట్టి, తెచ్చిన కొత్తది గుమ్మానికి పట్టకపోతే, చెక్కి తెస్తానని మోసుకుపోయాడు. వాడు వచ్చేసరికి పొద్దు వాలింది. అంతసేపూ కొట్టు నోరు తెరుచుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. అక్కకి అప్పుడు ఇరవై నిండలేదు. స్టూలు తెచ్చి సరిగ్గా గడప మీద వేసుకుని కూర్చుంది, అన్నానికి కూడా లేవలేదు. లోపల్నుంచి అతను, "ఎందుకే అక్కా, అక్కడ అడ్డంగా?" అంటే, "తలుపు లేనప్పుడు మనిషే తలుపురా" అంది. దొంగ రాలేదు, కుక్క కూడా రాలేదు. అయినా కూర్చుంది. ఇవాళ అక్క తలుపు ఊడదీసి ఉంది, గడప ఖాళీగా ఉంది, స్టూలు వేసుకుని కూర్చోడానికి అతనికి ఆ గడపే అందలేదు. రెండు రెక్కల ఇవతల, చేతిలో మెత్తబడుతున్న బిస్కట్‌తో.

కొట్లో ఎవరైనా మేకులు అయిపోయాయి అంటే అక్క ఊరుకునేది కాదు. నిండుకున్నాయి అనాలి. లేవు అనకూడదు, అయిపోయాయి అసలే అనకూడదు. ఏ కొట్టువాళ్ళయినా, ఏ వంటింట్లోనైనా అనే మాటే, కానీ అక్క దాన్ని శాసనం చేసింది. కొత్తగా పనిలో చేరినవాడు అయిపోయింది అన్నాడా, వాడికి ఆ పూటంతా కళ్ళతోనే చివాట్లు పెట్టేది. "ఈ కొట్లో ఏదీ అయిపోదురా. నిండుకుంటుంది, మళ్ళీ వస్తుంది." బావ పెళ్ళయిన కొత్తలో దీనిమీద ఎన్ని వేళాకోళాలు చేశాడో. "మీ కొట్టంత విచిత్రం లేదమ్మా, డబ్బా ఖాళీ అయినకొద్దీ నిండుతుంది. నా బస్సులో డీజిలు కూడా కాస్త నిండుకోనివ్వండి" అనేవాడు. ఒకసారి దారిలో డీజిలు అయిపోయి బస్సు ఆగిపోతే, ఫోను చేసి "నిండుకుంది" అన్నాడట, అవతల మెకానిక్ "అయితే ఇంకేం, రండి" అన్నాడట. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, మాట మాత్రం మార్చుకోలేదు. అతనికి ఊహ తెలిసినప్పటినుంచీ అదే అలవాటు. సినిమా కూడా అయిపోయింది అనడు, వదిలారు అంటాడు. వాన అయిపోయింది అనడు, వెలిసింది అంటాడు. ఆ మాట నాలుక మీదికి వస్తే అక్క చెయ్యి వీపు మీద పడుతుందని ఈ వయసులో కూడా వీపుకి భయం.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో నర్సు ఒకామె, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "రెండో గది పేషెంటు తాలూకు ఎవరండీ?" అంది. అతను బళ్ళో పిల్లాడిలా చెయ్యి ఎత్తాడు, బిస్కట్ ఉన్న చెయ్యి.

"అయిపోయిందండీ."

లోపల ఎవరో పిలిచారు, ఆమె వెనక్కి తిరిగింది, ఎడమ రెక్క మెల్లగా వచ్చింది, కుడిది వచ్చి పడింది.

అయిపోయింది. ఆమె మొహం ఎలా ఉందో చూడలేదు, నోరే చూశాడు. అయిపోయింది అంటే పని అయిపోయింది అనే కదా, ఆపరేషన్ అనే కదా, ఇంకేమంటారు, కానీ మనిషి పోయినా ఇదే అంటారు, పక్కవీధి ముసలాయన పోయినప్పుడు కొడుకు ఫోనులో అన్నది ఈ ఒక్క మాటే, అయిపోయిందండీ అని, ఇదే మర్యాదతో, ఇదే "అండీ"తో. మళ్ళీ ఒకటే గుమ్మం. అడగొచ్చు. లేచి రెండడుగులు వేసి ఏమిటి అని అడగొచ్చు. కాళ్ళు నేలకి మరలు బిగించినట్టు ఉన్నాయి. అడగనంతసేపూ రెండూ నిజమే, అడిగితే ఒకటే మిగుల్తుంది. ఏ బేరంలోనూ అతను ఇంతసేపు మాట్లాడకుండా ఊరుకోలేదు. భుజం మీద బావ చెయ్యి పడింది. బావ తన మంచి చెవి ఇటు తిప్పి, "ఏమందోయ్? ఏమంది?" అంటున్నాడు. చెప్పాలి. ఆమె అన్నది అన్నట్టు చెప్పాలి, తన సొంతం ఏమీ కలపకుండా. అతను నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది, వీపు జలదరించింది, ఇన్నేళ్ళుగా దాని చోట నిలబడిన మాట దాన్ని పక్కకి తోసి తనే బయటికి వచ్చేసింది.

"నిండుకుందట బావా."

నిండుకుంది అంటే ఏమిటో బావకంటే బాగా ఎవరికి తెలుసు? నోట్లో ఉన్నది నమలడం ఆపాడు. నేలమీద పొద్దుటినుంచీ నొక్కిపట్టి ఉన్న కుడిపాదం మెల్లగా పైకి లేచింది.

ఆ పాదం లేవడం చూశాకే అతనికి కాళ్ళు వచ్చాయి. వెళ్ళి రెండు చేతులతో తలుపు తోశాడు. లోపల ఇంకో నడవా, ఇంకో తలుపు, అదే నర్సు. "లోపలికి రాకూడదండీ" అంది.

"ఏమిటి అయిపోయింది? ఆ ముక్క చెప్పు తల్లీ. ఏమిటి?"

"ఆపరేషనండీ! మీరేమనుకున్నారు?"

"మనిషి?"

ఆమె మొహం అప్పుడు చూశాడు. చిన్నపిల్ల. అలిసిపోయి ఉంది. "సార్ వస్తున్నారు, సారే చెబుతారు" అంది, ఆ మాటలో మెత్తదనం అతనికి నచ్చలేదు. సరుకులో ఏదో ఉన్నప్పుడే అంత మెత్తగా మాట్లాడతారు. డాక్టరు వచ్చాడు, టోపీ కింద నుదుటి మీద గీత పడి ఉంది. వాల్వు చక్కగా కూర్చుంది అన్నాడు. గుండె మళ్ళీ మొదలైంది, కానీ తనంతట తను లయ పట్టుకోవడం లేదు, ప్రస్తుతానికి బయటి తీగలతో నడిపిస్తున్నాం, రక్తం కారడం కూడా మేం అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది, ఆగకపోతే మళ్ళీ తెరవాల్సి రావచ్చు, చూడాలి అన్నాడు. "ఎంత డాక్టరుగారూ? నూటికి ఎంత?" డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు అంకె అడక్కండి. నా దగ్గర లేదు." మూడు అంటే రెండు అనొచ్చు, పది అంటే ఏడు అనొచ్చు. లేదు అన్నవాడితో ఏమనాలి? అతను దండం పెట్టాడు, బిస్కట్ పొడి చొక్కా మీద రాలింది.

బావ దగ్గరికి వచ్చి చెవిలో, "ఉంది బావా, అక్క ఉంది" అన్నాడు.

"మరి నిండుకుందన్నావు?"

"నోరు తిరగలేదు."

"మీ కొట్టు మండిపోను," అన్నాడు బావ, అని అతని భుజం మీద కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, మూడోసారి కొట్టబోయి చొక్కా గుప్పిట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "బాగుందా? మాట్లాడిందా?" తీగల సంగతి ఏ చెవిలో చెప్పాలి?

అప్పుడు లోపల్నుంచి చక్రాల చప్పుడు వచ్చింది. అతను వెళ్ళి కుడి రెక్క పట్టుకున్నాడు, నూనె కారినదాన్ని, ఒంటి బరువంతా ఆనించి. అక్క వచ్చింది. మొహం ఉబ్బి ఉంది, నోట్లో గొట్టం, గొట్టం కదలకుండా పెదవుల మీదుగా పట్టీలు, ఛాతీ దగ్గరనుంచి సన్నటి తీగలు మంచం చివర ఉన్న డబ్బాలోకి పోతున్నాయి, ఆ డబ్బా మీద ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతోంది. అది వెలిగినప్పుడల్లా అక్క. కొత్త తలుపు తెరుచుకుంటోందో మూసుకుంటోందో చెవికి అందలేదు, చప్పుడు లేనిదే కావాలంది కదా. మంచం అతన్ని రాసుకుంటూ పోయింది, ఎదుటి ఐసీయూ గదిలోకి మలుపు తిరిగింది. మంచం తోసే మనిషి వెనక్కి చూసి, "వదిలెయ్యండి సార్, అదే పడుతుంది" అన్నాడు. పడుతుందని తెలుసు, ఎలా పడుతుందో కూడా తెలుసు. అతను వదల్లేదు. వెనక నడవా చివర ఆపరేషన్ గది ఖాళీ, నేల కడగడానికి మనుషులు కూడా వచ్చేశారు, కాపలా కాయడానికి అక్కడ ఏమీ లేదు. చెయ్యి మాత్రం రాలేదు.

"రావోయ్," అన్నాడు బావ, అతని మోచెయ్యి పట్టుకుని. "మీ అక్క అటు వెళ్ళింది."

"వెళ్ళి?" అన్నాడు అతను, మిగతా మాట కోసం రెక్కని అలాగే పట్టుకుని.